లేని అప్పుకు కట్టిన వాయిదాలు

పరీక్షల డ్యూటీ మీద మొన్న భద్రాచలం వెళ్లాల్సి వచ్చింది. చాలా ఏళ్లుగా ఆ ఊళ్లో దిగలేదు. బస్సు వంతెన దాటుతుంటే గోదావరి కనిపించింది కానీ నా ధ్యాసంతా మోకాళ్ల నొప్పి మీదే ఉంది. డ్యూటీ అయ్యాక లాడ్జికి పోయి పడుకుందామనుకున్నదాన్ని, ఎందుకో ఆటోను మిషన్ దవాఖానా సందులోకి తిప్పమన్నాను. మేము ఉన్న క్వార్టర్లు లేవు. ఆ వరస మొత్తం తీసేసి నేలంతా సిమెంటు పోశారు, దాని మీద మోటారు సైకిళ్లు, రెండు అంబులెన్సులు నిలబడి ఉన్నాయి. వాచ్‌మన్ దగ్గరికి వచ్చి "ఎవరి కోసం మేడం?" అన్నాడు. ఎవరి కోసమూ కాదని చెప్పి మళ్లీ ఆటో ఎక్కాను. లాడ్జి మంచం మీద నడుం వాల్చాక నా చిన్నతనం కాదు, నాన్న రిటైరవ్వబోయే ముందు మేము గడిపిన ఒకే ఒక్క సంవత్సరం గుర్తుకొచ్చింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో నడిచిన మాట ఒక్కటే: ఇల్లు కొనగలమా, లేదా.

నాన్న పేరు దావీదు. ఆ దవాఖానాలో డ్రెస్సరు. పుండ్లు కడిగి కట్లు కట్టడం ఆయన పని. ఇంటికొస్తే ముందు పెరట్లో డ్రమ్ము దగ్గర స్నానం చేసి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకునేవాడు. అయినా ఆయన చేతులకు స్పిరిట్ వాసన, అయోడిన్ వాసన పోయేవి కావు. ఆవకాయ కలిపి ముద్ద పెడితే అందులో కూడా ఆ వాసన ఉండేది. దవాఖానా మాకిచ్చిన క్వార్టరు వరసలో చివరిది. రెండు గదులు, పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. అమ్మ సువార్తమ్మ తెల్లవారకముందే లేచి ట్రంకు పెట్టె దగ్గర మోకరించి ప్రార్థన చేసుకుని, పొయ్యి ముట్టించేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. క్యాలెండరు కిటికీలో ఆనించి ఉండేది, యేసు ప్రభువు పటం ట్రంకు పెట్టె మీద గోడకు జారగిలబడి ఉండేది. "మనది కాని గోడకు ఎందుకు పొక్క?" అనేది. మనది కానిది అనే మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. కుండీలో గులాబీ పెట్టేది కానీ నేలలో నాటేది కాదు.

వరండాలో మాత్రం ఎప్పుడూ మనుషులుండేవాళ్లు. చర్ల అవతలి నుంచి, దుమ్ముగూడెం పై ఊళ్ల నుంచి రోగులను తీసుకొచ్చిన కోయవాళ్లు, దవాఖానాలో పడుకునే చోటు దొరక్క, నాన్నను ఎరిగినందుకు మా వరండాకు వచ్చేవాళ్లు. ఎండాకాలం మొదట్లో వస్తే వాళ్ల మూటల నుంచి ఇప్పపువ్వు వాసన ఇల్లంతా పరుచుకునేది, తియ్యగా, కొంచెం మత్తుగా. అమ్మకు వాళ్ల భాష నాలుగు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కలతోనే ఏ ఊరు, ఎవరికి బాగాలేదు, తిన్నారా అని కనుక్కుని, పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టేది. నేను చదువుకున్నదీ పెరిగిందీ ఆ సందడిలోనే. టీచర్ ట్రైనింగ్ చేసి, దుమ్ముగూడెం దాటాక ఒక ఊరి బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్కడే ఒక గదిలో ఉంటూ ప్రతి శనివారం బడి వదలగానే బస్సెక్కి ఇంటికొచ్చేదాన్ని. ప్రైవేటుగా డిగ్రీ కూడా కట్టి పాసయ్యాను. ఆ తర్వాత జీతం లేని సెలవు పెట్టి హనుమకొండలో బి.ఎడ్. చేసి, హైస్కూలు టీచరు కావాలని నా కోరిక. ఆ కోరిక అమ్మకు, నాన్నకు ఇద్దరికీ తెలుసు.

ఒక శనివారం నేను వచ్చేసరికి అమ్మ బియ్యం చేట ముందు పెట్టుకుని, ఏరకుండా ఊరికే కూర్చుని ఉంది. దవాఖానా పెద్దాయన నాన్నను పిలిచి, రిటైరయ్యాక రెండు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలని చెప్పాడట. ఆయన మర్యాదగానే చెప్పాడు, అది అందరికీ ఉన్న నియమమే. అయినా ముప్పై ఏళ్ల పైగా ఉన్న ఇల్లు కదా.

"ఇగ కిరాయి ఇండ్లల్ల తిరిగే ఓపిక నాకు లేదు," అంది అమ్మ. "చిన్నదైనా సరే, మన పేరు మీద ఒకటి ఉండాలె."

"భద్రాచలంల మనకు ఎట్ల అయితది?" అన్నాడు నాన్న. భద్రాచలం ఏజెన్సీ. గిరిజనులు కానివాళ్ల పేరున అక్కడ భూమి రిజిస్ట్రేషన్ కాదు. తెల్ల కాగితం మీద రాయించుకుని కొనుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు, మాక్కూడా ఒకాయన అట్లా ఒక ఇల్లు ఉందని చెప్పాడు, ధర కూడా చవకే. నాన్న చూడ్డానికి కూడా పోలేదు. "పొద్దుగాల లేస్తే వాళ్ల కాళ్లకు కట్లు కట్టి, వాళ్ల భూమి మీదనే దొంగలెక్క పండుకోమంటవా?" అన్నాడు. అమ్మ ఇంక ఆ మాట ఎత్తలేదు. అట్లా మా చూపు ఖమ్మం మీదికి పోయింది. అక్కడ ఊరి చివర కొత్త కాలనీలు పడుతున్నాయి, కాగితాలు సక్రమంగా ఉంటాయి, బ్యాంకులు పిలిచి మరీ అప్పులిస్తున్న కాలం.

బ్యాంకులో మేనేజరు నా జీతం అడిగి, క్యాలిక్యులేటర్ మీద నాలుగు అంకెలు నొక్కి, నిమిషంలో తేల్చేశాడు. గవర్నమెంటు టీచరు కాబట్టి ఇబ్బందే లేదన్నాడు. ఇరవై ఏళ్లు, నెలనెలా జీతంలో సగం దాకా. నాన్నకు వచ్చే పి.ఎఫ్. డబ్బు ముందు కట్టాల్సిన దానికి సరిపోతుంది. బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి నాన్న, "వాళ్లు ఎంత ఇస్తరో ఆయన చెప్పిండు. మనం ఎంత మొయ్యగలమో ఆయనకేం తెలుసు?" అన్నాడు. ఆ ఆలోచన అప్పుడే పుట్టింది ఆయనకు. అప్పు తీసుకోకముందే, తీసుకున్నట్టే ఆరు నెలలు బతికి చూద్దామన్నాడు. నెల మొదట్లో వాయిదా ఎంతో అంత డబ్బు తీసి పోస్టాఫీసులో వేసెయ్యాలి. మిగిలిన దాంతోనే ఇల్లు నడవాలి. ఏం వచ్చినా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఆరు నెలలు నెగ్గితే కొందాం, నెగ్గకపోతే ఊరుకుందాం. అమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె ముఖం చూసి నేనూ ఒప్పుకున్నాను.

మొదటి నెల అదేదో ఆటలాగే గడిచింది. నాన్న సైకిలు బాగుచేయించడం మానేసి దవాఖానా పనులకు నడిచి తిరిగాడు. అమ్మ తాలింపులో నూనె తగ్గించింది, ఆదివారం గుడి నుంచి వచ్చాక వండే మాంసం నెలకొకసారికి దిగింది. నేను వారం వారం రావడం మానేసి రెండు వారాలకోసారి వచ్చేదాన్ని, బస్సు చార్జీ కలిసొస్తుందని. మూడో నెలకు వచ్చేసరికి ఆట అన్న భావం పోయింది. అలసట వచ్చింది. అది చాలా పనిచేసిన అలసట కాదు. ప్రతి చిన్నదాన్నీ కొనాలా వద్దా అని ఆలోచించిన అలసట. సబ్బు ముక్క అరిగిపోతుంటే దాన్ని కొత్త సబ్బుకు అతికించే అలసట. నా గదిలో సాయంత్రం పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ, కింద బండి మీద మిర్చి బజ్జీల వాసన వస్తే లేచి కిటికీ మూసేదాన్ని. క్రిస్మస్ వచ్చింది. కొత్త బట్టలు కుట్టించుకోలేదు. గుడిలో పక్కన కూర్చున్నామె అమ్మ చీర అంచు పట్టుకుని చూసి, "పోయినేడు చీరనే కదా వదినా?" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఆ చీరను చాలాసేపు మడత పెట్టింది.

అమ్మ తగ్గించనిది ఒక్కటే, వరండాలో వాళ్లకు పెట్టే అన్నం. అయితే చారు మాత్రం పలచబడింది. ఒకసారి జ్వరంతో ఉన్న పిల్లను తీసుకొచ్చిన ఒక కోయ తల్లి మూడు రోజులు మా వరండాలో ఉంది. వెళ్లిపోయిన పదిహేను రోజులకు మళ్లీ వచ్చి, చింతపండు బుట్ట, ఒక మూట కందులు అమ్మ ముందు పెట్టింది. మీ ఇంట్లో కష్టంగా ఉన్నట్టుంది, ఉంచుకోమ్మా అని సైగలతో, వచ్చీరాని తెలుగుతో చెప్పింది. అమ్మ తీసుకుంది. ఆమె వెళ్లాక లోపలికొచ్చి, "మన చారు చూసి ఆమెకు అర్థమైపోయింది," అని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూసింది తక్కువ.

అయిదో నెలలో నాకు మలేరియా వచ్చింది. ఆ అడవి ఊళ్లలో అది కొత్తేమీ కాదు. నాన్న వచ్చి తీసుకుపోయి దవాఖానాలో పెట్టాడు. స్టాఫు పిల్లను కాబట్టి మందులకు పెద్దగా కాలేదు. ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉంటే నాన్న నా తల మీద తడిగుడ్డ మారుస్తూ, "నీ చదువు సంగతి ఏం చేసినవ్ రా?" అన్నాడు. "వచ్చే ఏడు చూద్దాం నాన్నా," అన్నాను. వచ్చే ఏడు అప్పు ఉంటుంది, అప్పుంటే జీతం లేని సెలవు ఉండదు అని ఇద్దరికీ తెలుసు. ఆయన గుడ్డ పిండి మళ్లీ వేశాడు. ఆ నెల కూడా పోస్టాఫీసు డబ్బు ముట్టుకోలేదు.

ఆరు నెలలు నిండాయి. నెగ్గాం. నాన్న పాస్‌బుక్కు అమ్మ చేతిలో పెట్టి, "తేలిపోయింది సువార్తా. మొయ్యగలం," అన్నాడు. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. ఖమ్మంలో రైలు పట్టాల అవతల కాలనీలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. ముగ్గురం తెల్లారి బస్సుకు బయల్దేరి వెళ్లాం.

అది రెండు గదుల స్లాబు ఇల్లు. లోపల సున్నం వేసి ఉంది, బయట గోడలకు ప్లాస్టరింగ్ కాలేదు. అమ్ముతున్నవాళ్లు చిన్నవాళ్లే. ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని చేస్తాడు, ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె పేరు రజిత, నా వయసే ఉంటుంది. ఆయన నాన్నను బయట హద్దులు చూపించడానికి తీసుకుపోతే, రజిత మమ్మల్ని వంటింట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి గట్టంతా గ్రానైట్ రాయి, అద్దంలా మెరుస్తోంది. ఫ్యాక్టరీలో పక్కన పడేసిన ముక్కలు అడిగి తెచ్చి, ఆయనే ఒకదాని పక్కన ఒకటి అతికించాడట. ఒక ముక్క రంగు ఇంకోదానికి కలవదు. రజిత దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. అమ్మ గోడలను ముట్టుకుంటూ గది గదీ తిరిగింది. కిటికీ తలుపు తెరిచింది, మూసింది. ఆమె అప్పటికే ఆ ఇంట్లో కాపురం పెట్టేసిందని నాకు అర్థమైంది.

తిరిగొచ్చి అమ్మ అడిగింది. "ఇంత మంచిగ కట్టుకుని ఎందుకు అమ్ముతున్నరు బిడ్డా? వాయిదాలు కట్టలేకనా?"

"కట్టలేక కాదు పెద్దమ్మా. నాలుగేండ్ల నుంచి కడుతున్నం. ఒక్క నెల కూడ తప్పలే," అంది రజిత. పొయ్యి గట్టును కొంగుతో తుడిచి, "అలసిపోయినం," అంది.

అమ్మ ఆమె వంకే చూస్తూ, "ఏం చదువుకున్నవ్?" అంది.

"డిగ్రీ మధ్యల ఆపేసిన. ఇల్లు కొన్నంక ఈ మిషన్ మీద కూసున్న, అంతే. ఆయన రెండు షిఫ్టులు చేస్తడు. ఇద్దరం మెలకువగ ఒకరి మొకం ఒకరం చూసుకునేది ఆదివారమే. ఇల్లు మంచిదే పెద్దమ్మా, నీళ్లకు కరువు లేదు. తీసుకోండ్రి. మాకే చాతగాలే."

అమ్మ నీళ్లు అడిగి తాగింది. రజిత తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ఆ పిల్ల మా మతం కాదు, అయినా కదలకుండా నిలబడింది.

తిరుగు బస్సులో కొత్తగూడెం దాటేదాకా నాన్న ప్లాస్టరింగుకు ఎంతవుతుందో, నా ట్రాన్స్‌ఫర్ ఖమ్మం వైపు ఎప్పటికి అవుతుందో చెప్తూనే ఉన్నాడు. అమ్మ ఉన్నట్టుండి, "మనకు వద్దు," అంది.

"ఏంది వద్దు?"

"ఆ ఇల్లు వద్దు. ఏ ఇల్లూ వద్దు ఇప్పుడు."

నాన్న గొంతు పెంచడం ఆ రోజే మొదటిసారి విన్నాను. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. "ఇరవై ఏండ్ల సంది ఇల్లు ఇల్లు అన్నది నువ్వే గదా! ఆరు నెలలు కడుపు మాడ్చుకున్నం. మొయ్యగలమని తేలె. ఇప్పుడు వద్దంటవా?"

"అవ్, నేనే అన్న. వద్దంటున్నది కూడ నేనే. మొయ్యగలమని తేలింది, మంచిదే. మరి మోసేది ఎవరు? నువ్వు రేపు రిటైరైతవు. నాకు జీతం లేదు. ఇరవై ఏండ్లు మోసేది దాని ఒక్కదాని మెడ. ఈ ఆరు నెలల్ల అది ఒక్కసారన్న చదువు మాట ఎత్తిందా? నువ్వు విన్నవా? నేనైతే వినలే." నాన్న నా వైపు తిరిగాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. బయట టేకు చెట్లు ఆకులు రాల్చి మోడుల్లా నిలబడి ఉన్నాయి. నాకు ఒకేసారి రెండు రకాలుగా అనిపించింది. గుండెల మీంచి బరువు దిగినట్టు ఒకటి. వాళ్లకు నేను ఇవ్వబోయిన దాన్ని అమ్మ నా చేతిలోంచి లాక్కున్నట్టు ఇంకొకటి. ఇంటికి చేరేసరికి ముగ్గురం ఎంత అలసిపోయామంటే, అన్నం కూడా వండుకోలేదు. మర్నాడు నాన్న పోస్టాఫీసుకు పోయి ఆ డబ్బు తీసుకొచ్చి నా చేతికిచ్చాడు. దాంతోనే ఆ జూన్ తర్వాత హనుమకొండలో చేరాను.

నాన్న రిటైరయ్యాక కొత్తగూడెంలో కిరాయికి దిగారు. పేరు వినగానే మీరేమిట్లు అని కులం అడిగిన ఓనర్లు, చుట్టాలొస్తే నీళ్ల మోటారు కట్టేసే ఓనర్లు, ఏడాది తిరగకుండా కొడుకు వస్తున్నాడు ఖాళీ చెయ్యమన్న ఓనర్లు. మూడు ఇళ్లు మారారు. అమ్మ పాత అలవాటు ప్రకారం ఒక్క గోడకూ మేకు కొట్టలేదు. నేను బి.ఎడ్. పూర్తి చేసి, ప్రమోషన్ వచ్చి చండ్రుగొండ హైస్కూల్లో చేరాను. ఆ మూడో ఇంట్లో ఉండగా ఒక పొద్దున నాన్న గుండె ఆగి దవాఖానాలో పోయాడు. శవాన్ని ఇంటికి తీసుకొద్దామంటే ఓనరు గేటు దగ్గర నిలబడి చేతులు జోడించాడు. "మీరేమనుకోకండ్రి టీచరమ్మా. గృహప్రవేశం చేసి ఏడాది కాలే. శవాన్ని లోపల పెట్టనియ్యలేను." ఆయన చెడ్డవాడు కాదు. అంత్యక్రియల ఖర్చుకు డబ్బు కూడా ఇవ్వబోయాడు. నాన్నను గుడి వరండాలో బెంచీలు జరిపి పడుకోబెట్టాం. మధ్యాహ్నానికల్లా సమాధి చెయ్యాలని పాస్టరుగారు తొందరపెట్టారు, సాయంత్రం గుడిలో వేరే కుటుంబం పెళ్లి ఉంది.

అంతా అయ్యాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అమ్మను అడిగాను. "అమ్మా, ఆ రోజు ఆ ఇల్లు కొనుక్కుని ఉంటే బాగుండేది కదా?"

నన్ను ఓదారుస్తుందనుకున్నాను. "బాగుండేది," అంది. "ఎందుకు బాగుండదు. మీ నాయన ఇంట్లనే ఉండేటోడు ఇయ్యాల." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "అయినా మళ్ల అడిగితే మళ్ల వద్దనే అంట."

నేను ఇల్లు కొనేసరికి నలభై దాటాయి. ఖమ్మంలోనే, రజిత వాళ్ల కాలనీకి దూరంగా ఇంకో వైపు. ఈసారి ఆరు నెలలు పరీక్ష పెట్టుకునే ఓపిక లేదు. జీతం పెరిగింది, ఇంటి ధర అంతకంటే ఎక్కువ పెరిగింది. నా రిటైర్మెంటు నెలకు సరిగ్గా వాయిదాలు అయిపోయేట్టు బ్యాంకువాళ్లే కుదిర్చారు. ఇప్పుడు మా స్కూల్లో కొత్తగా చేరిన కుర్ర టీచర్లు ఫోన్లో ఫ్లాట్ల బొమ్మలు చూపించి, మేడం, మేము తీసుకోవచ్చా, మా జీతాలకు వస్తుందా అని అడుగుతారు. జీతానికి వస్తుంది, చూడండి అంటాను. ఆ తర్వాత చెప్పాల్సింది చాలా ఉంటుంది కానీ, అప్పటికి బెల్లు కొడతారు. నిజానికి, వాళ్లకు ఎట్లా చెప్పాలో నాకూ తెలియదు. మేము ఆ రోజు సిద్ధంగా ఉన్నాం, డబ్బు లెక్కలో. కొనకపోవడమూ సరైనదే. దానికి మేము కట్టిన ధరా తక్కువేం కాదు. ఈ మూడూ నిజమే, ఏ ఒక్కటీ ఇంకోదాన్ని కొట్టెయ్యదు.

అమ్మ ఈ ఇంట్లో అయిదారేళ్లు ఉంది. పోయినేడు వానాకాలంలో, ముందు గదిలో మంచం మీదే పోయింది. ఐస్ పెట్టె తెప్పించి హాలు మధ్యలో పెట్టించాను. దుమ్ముగూడెం వైపు నుంచి, కొత్తగూడెం నుంచి చుట్టాలు, గుడివాళ్లు మెల్లమెల్లగా వచ్చారు. వచ్చినవాళ్లు వాన తగ్గేదాకా వసారాలో కూర్చుని పాటలు పాడారు, టీలు తాగారు, అమ్మ గురించి చెప్పుకున్నారు. రెండో రోజు పొద్దెక్కాక మా మేనమామ దగ్గరికి వచ్చి, "ఇగ తీద్దామా గ్రేసూ? పాస్టరుగారు వచ్చి కూసున్నరు," అన్నాడు.

"ఇంకాసేపు ఉండనీ మామయ్యా," అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లి పాస్టరుగారి పక్కన కూర్చున్నాడు. నేను తలుపులు బార్లా తెరిచి, అమ్మ దగ్గరే నేల మీద కూర్చున్నాను.